లేని కుక్కతో నడక

వీధి వైపు గది,
వానలు ఇంకా మొదలు కాని ఒక సోమవారం

పిన్నీ,

ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేయకుండా రాయడం ఏమిటంటావా? మా ఇంట్లో నేను ఫోన్‌లో మాట్లాడితే హాల్లో ఉన్నవాళ్ళు సగం జవాబులు వాళ్ళే చెప్పేస్తారు. ఈసారి నీ జవాబు నాకొక్కదానికే కావాలి.

మేం కుక్కను తెచ్చుకోబోతున్నాం. నవ్వకు. మా ఇంట్లో ఇంతవరకు ఎవరైనా ఏదైనా పెంచారంటే అది అన్నయ్య మీసం ఒక్కటే. అదీ వదిన ఏడాది తిరక్కుండా తీయించేసింది. అందుకే ఏ జాతి తేవాలో తెలియక, పశువుల ఆసుపత్రిలో కుక్కల మధ్యే బతుకుతున్నదానివని నిన్ను అడుగుతున్నాను.

నిరుడు దొంగలు పడిన సంగతి నీకు తెలుసు. అన్నయ్య డ్యూటీలో, వదిన ల్యాబ్‌లో, నేను ఆఖరి పరీక్షలో. వెనక తలుపు పగలగొట్టి టీవీ, మిక్సీ, వదిన గొలుసు, సగం వాడిన గ్యాస్ సిలిండరు కూడా పట్టుకుపోయారు. పోతూ పోతూ మేం మరిచిపోయిన కొళాయి కట్టేసి వెళ్ళారు, మర్యాదస్తులు. ఆ రోజునుంచి ఇంట్లో ఒకటే చట్టం: ఇల్లు ఖాళీగా ఉండకూడదు, ఎవరో ఒకరు ఉండాలి. ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరో నువ్వు ఊహించుకోగలవు.

కుక్క మాట ఎత్తింది నేనే. అన్నయ్య రెండు ఆదివారాలు ఆలోచించి ఒప్పుకున్నాడు. ఎంచే పని నాకే అప్పజెప్పాడు, చదువుకున్నదాన్నట. వదినకు ల్యాబ్‌లో ఒకావిడ ఇచ్చిన కుక్కల పుస్తకాన్ని పరీక్షకు చదివినట్టు చదివాను. ఎంత చదివినా అన్నీ ముద్దుగానే ఉన్నాయి, ఏదీ పనికొచ్చేలా లేదు.

మాకు కావాల్సింది ఇది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంట్లో ఒంటరిగా ఉండాలి. కొత్తవాళ్ళు గేటు ముట్టుకుంటే అరవాలి. రాత్రి డ్యూటీ చేసొచ్చి వదిన పడుకుంటే మాత్రం అరవకూడదు. బొచ్చు రాలకూడదు, తిండి తక్కువ తినాలి. మేం ఎప్పుడూ పెంచలేదు కాబట్టి నేర్పకుండానే అన్నీ రావాలి.

అన్నిటికంటే మొదటిది ముఖ్యం. ఒంటరిగా ఉండగలగాలి. తొందరగా రాయి.

నీ
ప్రశ్నలపుట్ట


ఆసుపత్రి వెనక గది,
మందుల వాసన మధ్య

ప్రశ్నలపుట్టకు,

నీ షరతులన్నీ డాక్టరుగారికి చదివి వినిపించాను. ఇంజెక్షను పట్టుకున్న చెయ్యి ఆపి మరీ నవ్వారు. నువ్వు అడిగినట్టుండేది ఒకటి ఉందమ్మా. దాన్ని కాలింగ్ బెల్లు అంటారు.

సరే, ఒక్కొక్కటే చెప్తాను. లాబ్రడార్ దొంగను చూస్తే తోక ఊపుతూ ఎదురెళ్ళి వాడికి నీ చెప్పు కూడా అందిస్తుంది. పొమెరేనియన్ ఆకు రాలినా అరుస్తుంది, నిజంగా దొంగొచ్చిన రోజున ఎవరూ నమ్మరు. బీగిల్‌కు ముక్కు ఎటు పోతే కాళ్ళు అటే. గేటు తెరిచి ఉంచావా, పక్క ఊళ్ళో వెతుక్కోవాలి. జర్మన్ షెపర్డ్ తెలివైనది, పని చెప్పకపోతే తనే పని కల్పించుకుంటుంది. చాలా ఇళ్ళలో ఆ పని సోఫాతో మొదలవుతుంది. డాబర్మన్ చూడ్డానికి యముడిలా ఉంటుంది గానీ మనిషిని అంటిపెట్టుకుని తిరుగుతుంది. నువ్వు స్నానానికి వెళ్ళినా తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తుంది. నన్నడిగితే మొదటిసారి పెంచేవాళ్ళకు వీధిలో పుట్టిన కుక్కపిల్లే మేలు. ఎండకూ వానకూ తట్టుకుంటుంది, ఒకరి గొప్ప కోసం పుట్టలేదు.

అయినా జాతి అడగాల్సింది చివర్న. ముందు ఇల్లు ఎలాంటిదో తెలియాలి. పొద్దున్నే ఎవరు లేస్తారు? వాన పడుతున్నా బయటికి ఎవరు తిప్పుతారు? కార్పెట్ మీద పోస్తే ఎవరు తుడుస్తారు, ఎవరు అరుస్తారు?

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పిల్లను అడిగినవాళ్ళకు ముందు పిల్లను ఇవ్వను. తాడు, మెడపట్టీ ఇచ్చి పంపుతాను. కొన్నాళ్ళు లేని కుక్కతో బతకమంటాను. పొద్దునా సాయంత్రం ఖాళీ తాడు పట్టుకుని వీధి చివరి దాకా నడవాలి. తిండి వేళకు ఎక్కడున్నా ఇంటికి రావాలి. ఇంట్లో ప్రతి ఒక్కరూ వంతు వేసుకోవాలి. సగం మంది నాలుగు రోజుల్లో తాడు తిరిగి తెచ్చిచ్చేస్తారు. అలా ఎన్ని పిల్లలు బతికిపోయాయో. ఈ ఉత్తరంతో పాటు తాడు పంపుతున్నాను. మీ అన్నయ్యకు కూడా వంతు ఉందని గట్టిగా చెప్పు.

ఇంకొక్క మాట. కుక్క పగలంతా ఒంటరిగా ఎందుకుండాలి? నువ్వు ఇంట్లోనే ఉంటావుగా?

పిన్ని


వీధి వైపు గది,
మొదటి వాన పడిన మర్నాడు

పిన్నీ,

తాడు అందింది. అన్నయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పిన్నికి పని తక్కువైంది అన్నాడు. కానీ నువ్వంటే భయం కాబట్టి సరేనన్నాడు. ముగ్గురం వంతులు వేసుకున్నాం. బాగా జరుగుతోంది.

మొదటి రోజు గేటు దాటేటప్పుడు సిగ్గుతో చచ్చాను. చేతిలో తాడు, తాడు చివర నేలమీద ఈడ్చుకుంటూ వస్తున్న మెడపట్టీ. మూల మీది దర్జీ షట్టరు ఎత్తుతూ చూసి, కుక్క ఏదమ్మా అన్నాడు. ఇంకా రాలేదండీ అన్నాను. అయితే ఎవరిని తిప్పుతున్నావు అన్నాడు. తాడు చేతికి చుట్టుకుని గబగబా నడిచాను. రెండోరోజు ఆయనే, ఇవాళ కాస్త బుద్ధిగా నడుస్తున్నట్టుందే అన్నాడు. ఇప్పుడు రోజూ నిలబడి లేని కుక్క క్షేమం అడుగుతాడు.

పిన్నీ, మన వీధి చివర వంతెన ఉందని నీకు గుర్తుందా? నేను మరిచిపోయాను. ఇల్లు మారనూ లేదు, ఊరు మారనూ లేదు, వంతెనను మరిచిపోయాను. తెల్లవారుజామున దాని మీద నిలబడితే కింద సరుకు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. వాన తర్వాత తారు రోడ్డు మీద డీజిల్ చుక్క పడితే ఏడు రంగులూ విచ్చుకుంటాయి. రొట్టెల బట్టీ దగ్గర గోడ వెచ్చగా ఉంటుంది, చెయ్యి పెడితే లోపల పొయ్యి తెలుస్తుంది. సాయంత్రాలు అదే గోడ చల్లగా ఉంటుంది. వంతెన దాటి ఇంకొంచెం వెళ్తే బస్సుల స్టాండు. అక్కడి దాకా వెళ్ళి తిరిగి వస్తున్నాను. కుక్కకు అంత నడక అవసరమని పుస్తకంలో ఉంది.

నువ్వు అడిగినదానికి జవాబు. దాచిపెట్టాలని కాదు, ముందే చెబితే అన్నయ్యకు చేరుతుందని. మ్యాపులు గీసే ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చింది, వేరే ఊళ్ళో. వచ్చి చాలాకాలమైంది. ఒకసారి గడువు పెంచమని బతిమాలాను, పెంచారు. వచ్చే నెల మొదటి తేదీన చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. అన్నయ్య కాదనలేదు. ఏనాడూ కాదనడు. ఇల్లు ఎవరు చూస్తారు అంటాడంతే. నాకోసం తన చదువు మానుకున్నవాడి ముందు ఆ ప్రశ్నకు ఏం చెప్పను? అందుకే కుక్క. అది ఇల్లు చూస్తే నేను వెళ్ళొచ్చు.

అన్నయ్య లిఫ్టుల కంపెనీలో కొత్త కుర్రాళ్ళకు నేర్పే పాఠం నాకూ నేర్పుతుంటాడు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్నవాళ్ళు తలుపు లాగకూడదు. పైనుంచి మనిషి వచ్చి తీసేదాకా కదలకుండా నిలబడాలి. అదే క్షేమం. నేను నిలబడే ఉన్నాను పిన్నీ. పైనుంచి ఎవరూ రావడం లేదు. భూగోళం చదివి డిగ్రీ తెచ్చుకున్నదాన్ని, నా భూగోళం గేటుకూ వంటింటికీ మధ్య ఉంది.

జాతి పేరు చెప్పు చాలు. మిగతాది నేను చూసుకుంటాను.

ప్రశ్నలపుట్ట


ఆసుపత్రి వెనక గది,
ఒక కుక్కకు కట్టు మార్చి వచ్చి

ప్రశ్నలపుట్టకు,

అబద్ధం చెప్పడం నీకు ఇంకా చేతకాదు. ముగ్గురూ వంతులు వేసుకున్నామన్నావు. తెల్లవారుజామున వంతెన చూసింది నువ్వు. రొట్టెల బట్టీ గోడ పొద్దున వెచ్చగా, సాయంత్రం చల్లగా ఉంటుందని తెలిసింది నీకు. దర్జీ రోజూ పలకరించేది నిన్నే. మరి మీ అన్నయ్య వంతు ఎప్పుడు? వాడిని వెనకేసుకొస్తూ వాడి వంతూ నువ్వే నడుస్తున్నావు, అవునా?

ఇవాళ కట్టు మార్చిన కుక్క సంగతి చెప్తాను. మంచి జర్మన్ షెపర్డ్. గోడౌన్ కాపలాకు పెట్టుకున్నారు. పగలంతా లోపల ఒక్కతే. తిండికి లోటు లేదు, కొట్టేవాళ్ళు లేరు, ఫ్యాను కూడా పెట్టారట. ముంగాలి మీద అరచేయంత పుండు. ఎవరు కొట్టారని అడిగితే యజమాని ఏడ్చినంత పని చేశాడు, ఎవరూ చెయ్యి వేయలేదండీ అని. నిజమే. ఏమీ తోచక అదే నాకి నాకి చేసుకుంది. మందు రాస్తే మానుతుంది. మళ్ళీ ఆ గోడౌనుకే పంపితే మళ్ళీ వస్తుంది.

నీ గోళ్ళు ఎలా ఉన్నాయి? చివరిసారి చూసినప్పుడు బొటనవేలి పక్కన రక్తం వచ్చేదాకా కొరికి ఉన్నావు.

నీ ప్రశ్నకు జవాబు రాస్తున్నాను, కోపం తెచ్చుకున్నా సరే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తాళం వేసిన ఇంట్లో ఒక్కతే ఉండగలిగే జాతి లేదు. అలాంటి ఇంటికి నేను పిల్లను ఇవ్వను. నువ్వు నా అక్క కూతురివైనా సరే. నువ్వు భరించలేక పారిపోవాలనుకుంటున్న చోట, నోరులేనిదాన్ని నీ బదులు కట్టేసి వెళ్తావా?

పిన్ని


వీధి వైపు గది,
వాన

పిన్నీ,

నీ ఉత్తరం చదివి చించేద్దామనుకున్నాను. నీకు కుక్కల మీద ఉన్న జాలిలో పావు వంతు నా మీద ఉంటే బాగుండేది. అయినా ఇక నీ పిల్ల మాకు అక్కర్లేదు. అన్నయ్యే తెస్తున్నాడు.

వాళ్ళ కంపెనీలో ఎవరి దగ్గరో డాబర్మన్ పిల్లలు ఉన్నాయట. నిన్న టీ తాగుతూ చెప్పాడు. నేను సంతోషపడతాననుకున్నాడు పాపం. “ఇంక నీకు బోరు కొట్టదు. పగలంతా తోడుంటుంది. చిన్న పిల్ల కదా, దగ్గర మనిషి లేకపోతే ఉండదట. ఉద్యోగం సంగతి అది కాస్త పెద్దయ్యాక చూద్దాంలే” అన్నాడు.

అర్థమైందా పిన్నీ? నేను నా బదులు రమ్మన్నది నాకు తోడుగా వస్తోంది. ఎవరో ఒకరు ఇల్లు చూడాలన్న చట్టం పోయి, ఎవరో ఒకరు కుక్కను చూడాలన్నది వస్తుంది. నా చేత్తో నేనే ఇంకో గడియ బిగించుకున్నాను. అన్నయ్య గోడ పక్కన దానికి చోటు కూడా చూశాడు. నా మంచం పక్కన.

అవును, నీకు అబద్ధమే రాశాను. అన్నయ్య తాడు ముట్టుకోలేదు. వదిన ఒక్కసారి గేటు దాకా వెళ్ళి, ఎవరో చూశారని వెనక్కి వచ్చేసింది. అన్ని వంతులూ నేనే నడిచాను. అన్నయ్యను వెనకేసుకురావడానికి కాదు. ఆ తాడు చేతిలో ఉంటే ఎక్కడికి అని ఎవరూ అడగరు, అందుకు. ఇంటి నుంచి బయటపడటానికి నాకు కుక్క కూడా అవసరం లేకపోయింది, తాడు సరిపోయింది. దీనికి నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

గోళ్ళ సంగతి అడక్కు.

వచ్చే వారమే మొదటి తేదీ. పిల్ల శుక్రవారం వస్తుంది.


ఆసుపత్రి వెనక గది,
ఉత్తరం అందిన వెంటనే

అమ్మడూ,

చించేయాల్సిందే, నాదే తప్పు. కుక్కను గురించి రాస్తే నీకు తగులుతుందని తెలిసే రాశాను. నీ బాధ నీ నోటితో రాయించాలని. ఇంత గట్టిగా తగులుతుందనుకోలేదు.

ఇప్పుడు నా మాట విను. నీ అన్నయ్య దుర్మార్గుడు కాడు. అదే నీ చిక్కు. దుర్మార్గుడైతే పోట్లాడి వచ్చేద్దువు. అక్కా బావా చనిపోయిన ఏడాది, బడి వదిలే వేళకు ఎండలో నీకోసం గేటు దగ్గర నిలబడేవాడు, నువ్వు ఆఖర్న వస్తే మొహం పాలిపోయేది. అప్పటినుంచి వాడికి తెలిసింది ఒకటే, తలుపు మూసి ఉంటే లోపలున్నవాళ్ళు క్షేమం. దొంగలు పడ్డాక ఆ ఒక్కటీ బిగుసుకుపోయింది. నువ్వు పక్కన నిలబడి ఎంత చెప్పినా వాడికి ఎక్కదు, ఎందుకంటే చెప్పేటప్పుడు కూడా నువ్వు ఇంట్లోనే ఉన్నావు.

కుక్కను తెచ్చుకునేవాళ్ళు కుక్క లేకుండానే కొన్నాళ్ళు దానితో బతికి చూడాలన్నది నా పద్ధతి. నువ్వు లేని ఇంట్లో వాళ్ళు ఒక్కరోజైనా బతికి చూశారా? ఇంటికి తాళం వేసి పొద్దున వెళ్ళి సాయంత్రం రావడం, గేటు దగ్గర గుండె దడదడలాడటం, తాళం తీస్తే అన్నీ ఎక్కడివక్కడ ఉండటం. అది చూడకుండా వాడి భయం పోదు. నువ్వు ఉన్నంత కాలం వాడు చూడలేడు.

అడగకు. అడిగితే ‘చూద్దాంలే’ అంటాడు. వెళ్తున్నానని చెప్పు. ముందు మీ వదినతో చెప్పు. సిగ్గుపడి వెనక్కి వచ్చేసినా, ఒక్కసారైనా ఆ తాడు పట్టుకుంది తనే.

పిల్లను శుక్రవారం తేవద్దని నేను మీ అన్నయ్యకు ఫోన్ చేస్తాను. లేని కుక్కతో ఒక్క పూట నడవనివాడికి ఉన్న కుక్క ఎందుకురా అంటాను. ఆ కోపం నా మీద పడనీ, నాకు అలవాటే.

పిన్ని


హాస్టలు, మెట్ల కింది గది,
చేరిన వారానికి

పిన్నీ,

చిరునామా చూశావుగా. గది మన స్టోర్‌రూమంత ఉంది. ఎవరు మెట్లెక్కినా నా నెత్తి మీద నుంచే ఎక్కుతారు. కిటికీ తెరిస్తే గోడ. అయినా గడియ లోపలివైపు ఉంది. పడుకునే ముందు వేసి, తీసి, మళ్ళీ వేస్తున్నాను, పిచ్చిదానిలా. ఎవరైనా వెనకనుంచి పిలుస్తారని ఇంకా చెవులు అటే ఉంటున్నాయి.

జరిగింది చెప్తాను. వదినతో చెప్పినప్పుడు తను బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. అంతా వింటూ చెక్కు తీస్తూనే ఉంది. చివరి దుంప కూడా అయ్యాక, బస్సు ఎన్నింటికి అంది. అంతే. నాకు భయం వేసింది, అన్నయ్యతో చెప్పేస్తుందేమోనని.

వెళ్ళాల్సిన రోజు పొద్దున అన్నయ్య కొళాయి దగ్గర పళ్ళు తోముకుంటున్నాడు. నేను ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో తాడు పట్టుకుని బయటికి వచ్చాను. తాడు ఎందుకు తీసుకున్నానో నాకే తెలియదు, అది లేకుండా ఆ గేటు దాటే అలవాటు పోయినట్టుంది. వెళ్తున్నానన్నయ్యా అన్నాను. సంచీ చూశాడు. బ్రష్ నోట్లోనే ఉంది. ఇల్లెవరు చూస్తారు అన్నాడు, ఎప్పటిలాగే, మెత్తగా. ఆ మెత్తదనానికి గేటు ముందే ఆగిపోయాను. నిజం చెప్తున్నా పిన్నీ, సంచీ కింద పెట్టేశాను.

అప్పుడు వదిన వచ్చింది. రాత్రి డ్యూటీ బట్టల్లోనే ఉంది, కళ్ళు ఎర్రగా. నా చేతిలోంచి తాడు తీసుకుంది.

“ఈ పూట నేను తిప్పుతాను. నువ్వు బస్సు చూసుకో” అంది.

ఇదేమిటన్నట్టు అన్నయ్య మా ఇద్దరినీ చూశాడు. వదిన అన్నయ్యవైపు తిరిగి, “ఏమండీ, లిఫ్టులో ఇరుక్కున్న మనిషిని ఏడాదికి పైగా నిలబెట్టి, కదలకండి, వస్తున్నాం అంటే మీ కంపెనీలో ఏమంటారు?” అంది.

అన్నయ్య చాలాసేపు పుక్కిలించాడు. మొహం తుడుచుకున్నాడు. వెళ్ళమనలేదు, వద్దనలేదు. కింద పెట్టిన సంచీ తీసి గేటు బయట పెట్టాడు. నాతో రాలేదు. నేను మూల తిరిగేదాకా గేటు చప్పుడు వినబడలేదు.

వదిన తాడు పట్టుకుని వంతెన దాకా వచ్చింది. దర్జీ చూసి, ఇవాళ మనిషి మారిందే అన్నాడు. ఈసారి వదిన వెనక్కి తిరగలేదు.

నిన్న వదిన ఫోన్ చేసింది. ఇక్కడ మాట్లాడితే అడ్డం పలికేవాళ్ళు లేరు. మొదటిరోజు తాళం వేసి వెళ్ళారట. అన్నయ్య మధ్యాహ్నమే ఏదో వంకతో ఇంటికి వచ్చి, తాళం లాగి చూసి, తియ్యకుండానే వెళ్ళిపోయాడట. రెండోరోజు సాయంత్రం దాకా రాలేదు. ఇల్లు ఎక్కడిదక్కడ ఉంది. శుక్రవారం పిల్ల రాలేదు. నువ్వు ఫోన్‌లో ఏమన్నావో గానీ, జాతి సంగతి తర్వాత, ముందు నా వంతు నడవాలి అన్నాడట.

నిన్న పొద్దున నడిచాడు. వదిన కాస్త దూరంగా వెనకే వెళ్ళి చూసిందట. తల ఎత్తకుండా, ఖాళీ తాడు చేతికి చుట్టుకుని, బస్సుల స్టాండు దాకా వెళ్ళి, బస్సులు కదిలే చోట కాసేపు నిలబడి వచ్చాడట. తిరుగుదారిలో దర్జీ అడిగాడు, కుక్క ఎలా నడుస్తోంది బాబూ అని.

లాగుతోందండీ, అన్నాడట అన్నయ్య.

నీ
ప్రశ్నలపుట్ట